పామును తాడని చూపించవచ్చునా?

మన వేదాంతులు తాడునూ పామునూ చెప్పీ చెప్పీ అరగదీశారు. చీకట్లో తాడును చూసి పామనుకొని భయపడిన మనిషికి దీపం తెచ్చి చూపిస్తే భయం పోతుంది. ఈ ఉపమానం నుంచి వాళ్లు లాగిన సిద్ధాంతం మనకు ఒప్పుదల కాకపోవచ్చు. కాని అందులో ఒక నీతి వుంది: భయం పోవటానికి మార్గం నిజం తెలుసుకోవటం. ఇప్పుడు వైద్యరంగంలో దీనికి తలకిందులైన ప్రశ్న ఒకటి పుట్టింది. చీకట్లో వున్నది నిజంగా పామే. దానిని కాసేపు తాడుగానో పూలదండగానో చూపించి మనిషి భయాన్ని తగ్గించగల యంత్రం తయారయింది. అలా చూపించవచ్చునా? చూపిస్తే అది దయా, దగా?

యంత్రం పేరు అందరూ విన్నదే: వర్చువల్ రియాలిటీ. కళ్లకు గంతల్లాగా కట్టుకొనే పెట్టె. లోపల రెండు కళ్లకూ విడివిడిగా బొమ్మ కనబడుతుంది. తల తిప్పితే బొమ్మ కూడా దానికి తగినట్టు తిరుగుతుంది. అందుచేత చూసేవాడికి తాను బొమ్మ ముందు కాక బొమ్మలోపల వున్నట్టు తోస్తుంది. ఇవాన్ సదర్లాండ్ అనే శాస్త్రవేత్త ఇలాంటి పరికరాన్ని 1968 నాటికే తయారుచేశాడు. అప్పట్లో దాని బరువు మెడ మొయ్యలేనిది గనక పైకప్పు నుంచి వేలాడదీశారు. 1990ల్లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనేవారు దీనిని కాలిన గాయాల రోగులకు వాడి చూశారు. గాయాలు శుభ్రం చేసేటప్పుడు రోగి మంచులోయలో తిరుగుతూ మంచుగడ్డలు విసురుకుంటూ వుంటాడు. బాధ తక్కువగా తెలుస్తుంది. 2021 నవంబరులో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ, ఎడతెగని నడుంనొప్పికి ఈ పద్ధతిలో పనిచేసే ఒక పరికరాన్ని అనుమతించింది. కాన్పు నొప్పుల సమయంలో వాడి చూసిన ప్రయోగాలు కూడా వున్నాయి. నొప్పీ ఆందోళనా కొంత తగ్గినట్టు కొన్నిటిలో తేలింది. ఇక థైరాయిడ్ వంటి జబ్బు తోడైన గర్భిణులకు జబ్బు గురించి బోధించటానికీ దిగులు తగ్గించటానికీ దీనిని వాడదామనే ఆలోచన సహజంగా వచ్చేదే.

నేను వైద్యుణ్ణి కాను. కళాశాలలో తెలుగు సాహిత్యం చెప్పుకొనే ఉపన్యాసకుణ్ణి. అయినా ఇది నాకు బొత్తిగా పరాయి ప్రశ్న కాదు. లేని లోకాన్ని వున్నట్టు చూపి మనిషి మనసును కదిలించే విద్య కవులకూ కథకులకూ తరతరాలుగా తెలుసు. ఆ విద్య ఎప్పుడు మనిషికి మేలు చేస్తుందో, ఎప్పుడు మత్తుమందవుతుందో అభ్యుదయ విమర్శకులు ఎంతో కాలం వాదించుకున్నారు. ఆ వాదన ఇక్కడ అక్కరకు వస్తుందని నా నమ్మకం.

ముందు పాము సంగతి తెలుసుకోవాలి. థైరాయిడ్ గ్రంథి గొంతు ముందుభాగాన సీతాకోకచిలుక ఆకారంలో వుంటుంది. అయొడిన్‌ను ముడిసరుకుగా తీసుకొని థైరాక్సిన్ అనే హార్మోను తయారుచేస్తుంది. ఈ గ్రంథి అవసరానికి మించి పనిచెయ్యటం వేరే జబ్బు. నేను మాట్లాడుతున్నది తక్కువగా పనిచెయ్యటాన్ని గురించి. గర్భం దాల్చిన మొదటి 12 వారాల దాకా పిండం దాదాపు పూర్తిగా తల్లి థైరాక్సిన్ మీదనే ఆధారపడుతుంది. దాని సొంత గ్రంథి అప్పటికింకా పనిలోకి దిగదు. బిడ్డ మెదడు రూపు కట్టటానికి ఆ హార్మోను కావాలి. కొరత తీవ్రంగా వుండి, వైద్యం జరగకపోతే గర్భస్రావం కావచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, బిడ్డ బుద్ధి వికాసం దెబ్బ తినవచ్చు. వైద్యమా, గహనమైనది కాదు. రక్తంలో టీఎస్‌హెచ్ పరీక్ష, రోజూ పరగడుపున లెవోథైరాక్సిన్ మాత్ర, కొన్ని వారాలకొకసారి మళ్లీ పరీక్ష, దానిని బట్టి మోతాదు సవరణ. మాత్ర ఖరీదు రోజుకు రూపాయో రెండు రూపాయలో.

ఇప్పుడు ప్రశ్నను మళ్లీ అడుగుదాం. ఈ జబ్బు వున్న గర్భిణి దిగులు పడుతోంది. ఆమెకు సెలయేళ్లూ పూలతోటలూ చూపించి దిగులు తగ్గించటం తప్పా?

తప్పు అనేవారి మొదటి వాదం: అది అబద్ధం, మనిషికి అబద్ధం చెప్పరాదు. ఈ వాదం నిలవదు. అబద్ధమంటే ఎదుటివాడిని నమ్మించి మోసగించటం. పెట్టె కట్టుకున్న స్త్రీకి తాను ఆసుపత్రి మంచం మీద వున్నానని తెలుసు. సెలయేరు బొమ్మ అని తెలుసు. నాటకం చూస్తూ ఏడ్చిన ప్రేక్షకుడు హరిశ్చంద్రుడి కోసం పోలీసులకు కబురు పెట్టడు. తెలిసి ప్రవేశించిన భ్రమ మోసం కాదు. నొప్పి తగ్గటం కూడా భ్రమ కాదు. మనసు మరోచోట నిమగ్నమైనప్పుడు బాధ తక్కువగా తెలియటం శరీరధర్మమే. నాట్లు వేసే కూలీలు పాట ఎందుకు పాడతారు? తిరగలి పాటలు ఎందుకు పుట్టాయి? శ్రమలోని బాధను తేలిక చేసుకోవటానికి శ్రామిక స్త్రీలే కనిపెట్టుకున్న సాధనాలవి. వాటిని మెచ్చుకొనే మనం, అదే పని చేసే యంత్రాన్ని యంత్రమైనందుకు ఏవగించుకోవటం సబబు కాదు.

రెండవ వాదం ఇంతకంటె బరువైనది. అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో అచ్చయిన తన గ్రంథంలో ఒక ఊహాయంత్రాన్ని ప్రతిపాదించాడు. దానిలో పడుకుంటే కోరుకున్న అనుభవాలన్నీ కలుగుతాయి. నిజంగా మాత్రం ఏమీ జరగదు. అలాంటి యంత్రంలో జీవితమంతా గడపటానికి మీరు ఒప్పుకుంటారా అని అడిగాడు. ఒప్పుకోమని అతని భావం, ఎందుకంటే మనకు కావలసింది అనుభవాలు మాత్రమే కాదు, పనులు నిజంగా జరగటం కూడా. నోజిక్ ఆస్తిహక్కును నెత్తిన పెట్టుకున్న తత్వవేత్త. అతని రాజకీయాలు మనకు పనికిరావు. ఈ ప్రశ్న మాత్రం పనికివస్తుంది. అయితే అతను యంత్రంలో ఒక్క మనిషినే పడుకోబెట్టాడు. గర్భిణి విషయంలో ఇద్దరున్నారు. పెట్టె తల్లి కళ్లకు కట్టుకున్నారే గాని, కడుపులోని పిండానికి సెలయేరు కనబడదు. దానికి కావలసింది ఇన్ని మైక్రోగ్రాముల థైరాక్సిన్. తల్లి దిగులు పోయి మాత్ర అందకపోతే ఆ ప్రశాంతతకు ధర చెల్లించేది ప్రశ్న అడగలేని జీవి. కొరత వున్నచోట దిగులు కూడా ఒక సమాచారమే. పామును చూసి కలిగిన భయం కాళ్లను పరుగెత్తిస్తుంది. పాము అక్కడే వుండగా భయం మాత్రం తీసేస్తే కాళ్లు ఆగిపోతాయి.

ఈ సందర్భంలో ఒక తెలుగువాణ్ణి తలుచుకోవాలి. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టాడు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివాడు. తర్వాత అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యాడు. 1956లో ఆయనా ఆయన సహచరులూ కాంగ్రా లోయలో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. హిమాలయాల అంచున నేలలో, నీటిలో అయొడిన్ లేదు. గొంతు వాపులు ఇంటింటా వుండేవి. లోయను మూడు ప్రాంతాలుగా విభజించి రెండింటికి అయొడిన్ చేర్చిన ఉప్పు, మూడవదానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. కొన్నేళ్లు గడిచేసరికి మొదటి రెండు ప్రాంతాల్లో వాపులు గణనీయంగా తగ్గాయి, మూడవదానిలో తగ్గలేదు. తర్వాత మూడవ ప్రాంతానికి కూడా అయొడిన్ ఉప్పు ఇచ్చారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. 1992లో దానిని అయొడిన్ లోప రుగ్మతలన్నిటికీ విస్తరించారు.

ఈ కథలో మన ప్రశ్నకు సంబంధించిన పాఠాలు రెండు. అక్కడ ఎవరి మనసుకూ చికిత్స చెయ్యలేదు. చేసింది ఉప్పుకు. దుకాణంలో ఉప్పు మారితే లోయలో గొంతులు మారాయి. వస్తువు మారటం వల్ల మనుషులు మారటానికి ఇంతకంటె తేటయిన ఉదాహరణ నాకు తెలియదు. రెండవ పాఠం అంత సుఖమైనది కాదు. అయొడిన్ గొంతువాపును నివారిస్తుందని అప్పటికే ప్రపంచానికి తెలుసు. స్విట్జర్లాండులో 1922 నుంచే అయొడిన్ ఉప్పు వాడుకలోకి వచ్చింది. తెలిసి కూడా మూడవ ప్రాంతపు తల్లులకు కొన్నేళ్లు మామూలు ఉప్పే ఇవ్వటం న్యాయమా? వాళ్లకు అంతకుముందు వున్నదేదీ తీసెయ్యలేదన్నది నిజం. ఆ రుజువు వల్లనే దేశానికంతటికీ మేలు జరిగిందన్నదీ నిజం. అయినా ఆ మేలుకు కొంత మూల్యం కట్టింది మూడవ ప్రాంతం. కొత్త పరికరం ఎంత మంచిదైనా, ఎవరి మీద ప్రయోగిస్తున్నామో వాళ్లకు తెలియజెప్పి, వాళ్ల ఒప్పుదల తీసుకోవాలనే నియమం ఇలాంటి అనుభవాల మీదనే నిలబడింది.

ఆ ఉప్పు కథకు ఇంకో మలుపు వుంది. అయొడిన్ లేని ఉప్పును తినటానికి అమ్మరాదనే నిషేధాన్ని కేంద్రప్రభుత్వం 2000లో ఎత్తివేసింది. ఏ ఉప్పు తినాలో ప్రజల ఎంపికకు వదిలెయ్యాలన్నారు. 2005లో మళ్లీ నిషేధం ప్రకటించి మరుసటి ఏడాది అమలులోకి తెచ్చారు. నిర్బంధం వల్ల చిన్న ఉప్పు ఉత్పత్తిదారులు పెద్ద కంపెనీల ముందు నిలవలేరన్న అభ్యంతరం కొట్టిపారెయ్యదగింది కాదు. కాని ‘ఎంపిక’ అన్న మాటను గమనించండి. గొంతులో ఏం జరుగుతుందో చెప్పకుండా, చౌక ఉప్పు కొనక తప్పని ఆదాయంలో వుంచి, ‘నీ ఇష్టం’ అనటం స్వేచ్ఛ కాదు. వర్చువల్ పెట్టెను గురించి కూడా ఇదే మాట వినబోతున్నాం.

ఇక కాటారం సంగతికి వస్తాను. కాటారం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఒక మండల కేంద్రం. ఈ ప్రాంతానికి యంత్రాలు కొత్త కావు. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి; చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వుంది; మహదేవపూర్ మండలంలో గోదావరి మీద మేడిగడ్డ బారేజి 2019లో ప్రారంభమై, 2023 అక్టోబరులో స్తంభాలు కుంగింది. 2023లోనే భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అందుచేత, ఈ పల్లెలకు వర్చువల్ రియాలిటీ ఎందుకు అని ఎవరయినా నవ్వితే నేను ఆ నవ్వులో కలవను. నగరంలోని కార్పొరేట్ ఆసుపత్రికి తగిన పరికరం కాటారం కూలి స్త్రీకి తగదనటం వర్గాహంకారం. నా ప్రశ్న వేరు: ఏది ముందు?

పత్తి ఏరటానికో మిరప తెంపటానికో తెల్లవారకముందే బయలుదేరే ఒక గర్భిణిని ఊహించండి. ఆమెకు థైరాయిడ్ కొరత వుంది. మాత్ర పరగడుపున వేసుకోవాలి. వేసుకున్నాక కొంతసేపు ఏమీ తినకూడదు. ఆమె తినేది ఆ తెల్లవారుజామునే. ఆమెకు రక్తహీనత కూడా వుండవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ గర్భిణుల్లో సగానికి మించినవారికి రక్తహీనత వుంది. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వం గర్భిణుల కోసం పోషకాహార కిట్లకు తొమ్మిది జిల్లాలను ఎంపిక చేసినప్పుడు వాటిలో భూపాలపల్లి ఒకటి. రక్తహీనత ఎక్కువగా వుండటమే ఎంపికకు కారణం. ఒంట్లో ఇనుము తగ్గితే థైరాయిడ్ గ్రంథి పని కూడా మందగిస్తుంది. దానికని ఇచ్చే ఐరన్ మాత్రను థైరాయిడ్ మాత్రతో కలిపి మింగితే థైరాయిడ్ మాత్ర సరిగా ఒంటపట్టదు. రెండింటికీ నడుమ నాలుగు గంటల ఎడం వుండాలి. కాల్షియం మాత్రకూ అంతే. ఈ చిన్న సంగతి ఎవరో ఒకరు ఆమె కూర్చున్నచోట కూర్చుని, ఆమె రోజును ఆమెతోపాటు గంట గంటా లెక్కగట్టి, ‘అక్కా, ఇది ఇప్పుడు, అది పగటి తిండి తరవాత’ అని చెప్పాలి. సర్కారు చీటీ చెప్పలేదు. సెలయేరు అసలే చెప్పలేదు.

ఇంకా వుంది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2014లో గర్భిణుల్లో థైరాయిడ్ కొరత పరీక్షకు మార్గదర్శకాలు వెలువరించింది. గర్భిణులందరికీ కాదు, ప్రమాదావకాశం ఎక్కువ వున్నవారికి పరీక్ష చెయ్యాలన్నది వాటి సారాంశం. ముందు గర్భస్రావం అయినవారు, గొంతువాపు వున్నవారు, కుటుంబంలో ఈ జబ్బు వున్నవారు వగైరా. కాని ఆ సంగతులు అడిగితేనే గదా తెలిసేది! అడిగే మనిషి కావాలి. ఆ మనిషికి తీరిక కావాలి. మొదటి మూడు నెలల్లోనే అడగాలి. మన పల్లెల్లో ఆ నెలల్లో గర్భం సంగతి బయటికి చెప్పుకోరు. గుట్టుగా చెప్పుకొనేది నమ్మిన మనిషికే. ఆ నమ్మకమైన మనిషి చాలా ఊళ్లలో ఆశా కార్యకర్త. 2005 నాటి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఈ స్త్రీలను ప్రభుత్వం ఇప్పటికీ ఉద్యోగులుగా గుర్తించలేదు. చేసేది సేవట, ఇచ్చేది పారితోషికమట. గర్భిణి భయం పోగొట్టే పరికరం మన ఊళ్లో ఇదివరకే వున్నది. దానికి రెండు చెవులూ ఒక నోరూ వున్నవి. జీతమే లేదు.

అవతలిపక్షం మాట కూడా న్యాయంగా విందాం. నా విద్యార్థుల్లో ఒకడు ఇలా వాదించాడు: ‘సార్, ఆశా కార్యకర్తకు జీతం వచ్చేదాకా, ఆసుపత్రులన్నీ బాగుపడేదాకా, ఈ రాత్రి నొప్పులు పడే స్త్రీ ఓర్చుకోవాల్నా?’ ఇది గట్టి ప్రశ్న. పరిస్థితులు మారాలి గనక ఇప్పటి బాధను తగ్గించవద్దనటం బాధను మన సిద్ధాంతానికి పెట్టుబడిగా వాడుకోవటమే. ఆ హక్కు మనకు లేదు. నొప్పులు పడే స్త్రీ కోరితే పెట్టె ఇవ్వండి. అదే సర్వేలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్ ఆపరేషన్లని తేలింది. దేశంలో ఇదే హెచ్చు. నొప్పుల భయం ఆపరేషన్‌కు తోసే కారణాల్లో ఒకటి అయితే, ఆ భయాన్ని తగ్గించే సాధనానికి సామాజిక ప్రయోజనం కూడా వుంది. కాని కొన్ని గంటల నొప్పి వేరు, తొమ్మిది నెలల కొరత వేరు. నొప్పి విషయంలో అనుభవం తగ్గటమే చికిత్స. కొరత విషయంలో అనుభవం తగ్గినా కొరత తగ్గదు. ఈ భేదాన్ని చెరిపి రెండింటికీ ఒకటే పెట్టె పంచటంలోనే దగా వుంది.

అట్లాగే గర్భిణి దిగులును ఆమె బుర్రలో పుట్టిన రోగంగా చూడటం భావవాదం. ఆమె దిగులుకు పేర్లున్నాయి: పోయిన కూలి, పరీక్షకు పోయివచ్చే బస్సు ఖర్చు, పిల్ల మొద్దవుతుందేమోనన్న మాట, అత్తవారి సణుగుడు. ఈ పేర్లేవీ తెలుసుకోకుండా దిగులును మాత్రం కొలిచి, పెట్టె కట్టి, మళ్లీ కొలిచి, ఇన్ని మార్కులు తగ్గింది అని రాసుకుంటే లెక్క సరిపోతుంది. లెక్కలో మనిషి వుండదు.

సాహిత్యంలో పలాయనవాదాన్ని ఎలా గుర్తుపట్టాం? ఊహాలోకం వున్నంత మాత్రాన కాదు. ఆ లోకం నుంచి తిరిగివచ్చిన పాఠకుడు తన లోకాన్ని ఇంకా బాగా చూస్తున్నాడా, లేక చూడటం మానేశాడా అన్నది గీటురాయి. అదే గీటురాయిని ఈ పెట్టెకు పెడతాను. పెట్టెలో ఆమెకు తన గొంతులోని గ్రంథినీ, దాని నుంచి బిడ్డ మెదడు దాకా సాగే థైరాక్సిన్ ప్రయాణాన్నీ, రెండు మాత్రల నడుమ ఎడం ఎందుకో చూపించండి. చదువు రాని స్త్రీకి కూడా తన ఒంటి లోపలి సంగతి కంటికి కడుతుంది. అప్పుడు అది దీపం. వచ్చే వారం వెళ్లి, ‘నా పరీక్ష ఫలితం ఏది? మోతాదు ఎందుకు మార్చలేదు?’ అని అడగగలిగితే ఆమె పెట్టెలోంచి బలంతో బయటపడినట్టు. అడగటం మరచి నిమ్మళంగా ఇంటికి పోతే మత్తుతో బయటపడినట్టు.

ఆ పెట్టె మాట్లాడే తెలుగు ఎవరిదన్నది కూడా చిన్న విషయం కాదు. పరభాషలో తయారై అనువాదమైన పొడి తెలుగు కాటారం స్త్రీకి ఎంత దూరమో, మహదేవపూర్ అడవుల్లోని కోయ, నాయకపోడు స్త్రీలకు అంతకంటె దూరం. ఇంకొక సంగతి. ఈ పెట్టె కట్టుకుంటే కొందరికి తలతిరుగుడూ వికారమూ కలుగుతాయి. అసలే వేవిళ్లతో వున్న మనిషి వద్దంటే వద్దనే అర్థం. తల ఎటు తిప్పిందీ చెయ్యి ఎలా కదిలిందీ పెట్టె నమోదు చెయ్యగలదు గనక, ఆ నమోదు ఎవరి సొత్తన్నది ముందే తేలాలి. కష్టం ఆమెది, సమాచారం కంపెనీది అయితే అది మరొక రకం కౌలు.

నా అభిప్రాయాన్ని క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. పామును తాడని చూపించవచ్చు, పామును చంపే కర్ర అప్పటికే లేచివుంటే. కర్ర ఎత్తినవారు ఆ క్షణంలో మనిషిని కదలకుండా వుంచటానికి చూపించవచ్చు. కర్రకు డబ్బు లేదంటూ తాడు బొమ్మలు కొనేవారిని మాత్రం నిలదీయాలి. తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల నుంచి రక్తనమూనాలు సేకరించి ఉచితంగా పరీక్షించే వ్యవస్థ 2018లో మొదలైంది; థైరాయిడ్ పరీక్ష కూడా అందులో వుంది. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులూ విద్యార్థులూ తమ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగాలని నా విన్నపం. గర్భిణికి మూడో నెల దాటకముందే టీఎస్‌హెచ్ పరీక్ష చేస్తున్నారా? ఫలితం ఎన్ని రోజులకు ఆమె చేతికి వస్తోంది? రెండు మాత్రల ఎడం సంగతి ఆమెకు ఎవరు చెబుతున్నారు? ఈ మూడింటికీ సరైన జవాబులు వచ్చిన ఊళ్లో వర్చువల్ పెట్టెను నేనే చప్పట్లతో స్వాగతిస్తాను.